వాయిదా పడని కృతజ్ఞత కూడిక

కూడికలలో ఈ మధ్య భోజనానికి పెడుతున్న కాగితపు ప్లేట్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. వాటికి వెన్నెముక లేదు. అన్నం పెట్టేదాకా ఠీవిగానే ఉంటాయి, పప్పు పడగానే నడుము వంచుతాయి, పులుసు పడిందంటే ఇక పూర్తిగా లొంగిపోతాయి. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి, గోలకొండ పతనాన్ని కూడా చెమట పట్టకుండా వర్ణించిన నేను, నా తెల్లచొక్కా మీదికి మెల్లగా దిగివస్తున్న మటన్ పులుసును మాత్రం అంత నిబ్బరంగా చూడలేకపోతున్నాను. మోదుగాకు విస్తరికి ఉన్న పౌరుషం దీనికెందుకు లేదని కేటరింగు అతన్ని అడిగితే, అతడు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, దాని కింద ఇంకో ప్లేటు పెట్టి పోయాడు. సమస్యలను పరిష్కరించే పద్ధతి ఇప్పుడు అదే అనుకుంటాను.

ఇది పోయిన నెల కరీంనగర్‌లో మా పక్కవీధి ఆయన ఇంట్లో జరిగిన కృతజ్ఞత కూడిక సంగతి. ఆయన కొత్త కారు కొన్న మూడో రోజే లారీ ఒకటి పక్కనుంచి రాసుకుని పోయిందట. పోయింది అద్దం ఒక్కటే, కారూ ఆయనా క్షేమం. అందుకు ఆయన మైకు పట్టుకుని పావుగంట సేపు దేవుణ్ణి స్తుతించారు. నేను వెక్కిరించడం లేదు. అద్దం విలువ పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది, నేనూ ఆమేన్ అన్నాను. ఆ తరువాత ఆయన కోడలు లేచింది. టైఫాయిడ్‌తో పది రోజులు దవాఖానలో ఉండి వచ్చిన పిల్ల. కొంగు తలమీదికి లాక్కుని, సన్నబడ్డ చేత్తో కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని మైకు ముందు నిలబడింది, నోరు తెరిచింది, మాట రాక నవ్వేసింది. అంతే, కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. చిన్నమ్మ అంటే మా అవ్వకు, అదే మా అమ్మకు, సొంత చెల్లెలు, ఎనభై దాటిన మనిషి. ఆమె చూసినదీ నేను చూసినదీ ఒకటే అయి ఉంటుంది. నలభై ఏళ్ళ కిందట మేమిద్దరం చూసిన ఒక కృతజ్ఞత కూడికలో, అట్లా లేచి నిలబడి నవ్వవలసిన పిల్ల లేదు.

నా ఈడు విశ్వాసులకు చెప్పనక్కర లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా సంఘాలలో రోగం నయమైతే, కాన్పు సుఖంగా జరిగితే, పోయిందనుకున్న ప్రాణం నిలిస్తే, ఇంటి ముందర చాపలు పరిచి, సంఘస్తులనూ చుట్టాలనూ పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, అన్నం పెడతారు. అందులో అసలు ఘట్టం సాక్ష్యం. మేలు పొందిన మనిషే స్వయంగా లేచి, నాకు ఫలానా కష్టం వచ్చింది, దేవుడు ఫలానా విధంగా కాపాడాడు అని నలుగురి ముందు చెప్పాలి. చెప్పడం రాకపోతే ఏడ్చినా సరిపోతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. చావు జరిగిన ఇంట్లో పెట్టేది ఆదరణ కూడిక, అది వేరు. దానికి పాటలు వేరు, వాక్యం వేరు, కూర్చునే తీరు కూడా వేరు. ఈ రెండింటినీ ఎవరూ కలపరు. మా అవ్వ కలిపింది.

మాది లక్సెట్టిపేట. బాపు, అంటే మా నాన్న, పశువుల దవాఖానలో అటెండరు. డాక్టరు ఎప్పుడూ సెలవులో ఉండేవాడు గనుక చుట్టుపక్కల ఊళ్ళ బర్రెలకు మా బాపే డాక్టరు, కొన్నిసార్లు వాటి యజమానులకు కూడా. అవ్వ బీడీలు చేసేది. మా సంఘంలో సగం మంది ఆడవాళ్ళు బీడీలు చేసేవాళ్ళే. అందువల్ల పొగతాగడం పాపమని ప్రసంగించవలసి వచ్చినప్పుడు పాస్టరు అయ్యగారు చాలా జాగ్రత్తగా, తాగేవాళ్ళ వైపే చూస్తూ ప్రసంగించేవారు. అవ్వకు చదువు రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. నలుగురిలో లేచి మాట్లాడటం మాత్రం ఆమెకు ప్రాణసంకటం. ముప్పై ఏళ్ళు గుడికి పోయింది గానీ ఒక్కనాడూ సాక్ష్యం చెప్పలేదు. ఎందుకు చెప్పవని అడిగితే, ఆయనకు తెలువదా ఏంది, మళ్ళ నేను చెప్పుడెందుకు అనేది. వాదనలో లోపం కనిపెట్టలేక అడిగినవాళ్ళు ఊరుకునేవారు.

మేమిద్దరమే పిల్లలం, అక్కా నేనూ. అక్కకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, బాలవాడిలో టీచరు. నేను కరీంనగర్‌లో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాను, అంటే గది తీసుకున్న మాట వాస్తవం. నాకు చిన్నప్పటి నుంచి జోకులు వేసే జబ్బు ఉంది. వాటిని విని నవ్వే మనిషి లోకంలో అక్క ఒక్కతే ఉండేది. బాగాలేని వాటికి ఇంకా గట్టిగా నవ్వేది, అది జోకు మీద జాలి అనుకుంటాను. ఆమె నవ్వు మా వాడకట్టు చివరిదాకా వినిపించేది. పెండ్లి కావలసిన పిల్ల అట్లా నవ్వకూడదని మా పెద్దవ్వ ఒకామె పద్ధతిగా బాధపడేది.

ఆ ఏడు వానాకాలం చివర అక్కకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమన్నారు, తరువాత టైఫాయిడ్ అన్నారు. ఇప్పుడంటే పది రోజులు సెలైను ఎక్కించుకుని వచ్చి మైకు ముందు నవ్వుతున్నారు గానీ, అప్పట్లో ఆ పేరు చెబితే ఇంట్లో గొంతులు తగ్గిపోయేవి. డాక్టరుగారు మందులు రాసి, ఒక ఆజ్ఞ గట్టిగా చెప్పారు. తాను చెప్పేదాకా గట్టి పదార్థం ఏదీ నోట్లో పెట్టకూడదు, పేగు పుండుపడి ఉంటుంది, గంజీ బార్లీ జావా తప్ప ఏది తిన్నా ప్రాణానికే ముప్పు. ఆయన ఆ మాటను బాపుకు ఒకసారి, అవ్వకు ఒకసారి, కరీంనగర్ నుంచి రాగానే నాకు ఒకసారి, మొత్తం మూడుసార్లు చెప్పారు. ఇంట్లో సాయానికి వచ్చి ఉన్న చిన్నమ్మకు కూడా విని విని కంఠస్థమైంది. కాబట్టి తెలియక జరిగిందని చెప్పుకునే సౌకర్యం మాకెవరికీ లేదు.

మూడు వారాలు. అంత నవ్వే మనిషి మంచానికి అతుక్కుపోయి కళ్ళు మాత్రమే మిగిలింది. ఆ మూడు వారాలూ అవ్వ బీడీల చాట ముట్టలేదు. మంచం కోడు దగ్గర కూర్చుని, బిడ్డ మంచిగయితే అందర్ని పిలిచి అన్నం పెడతనని దేవునికి మాటిచ్చింది. మాట ఇచ్చిన మూడో రోజు జ్వరం దిగింది. దిగి నాలుగు రోజులు అట్లాగే ఉంది. అక్క లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది, తల దువ్వించుకుంది, నేను చెప్పిన ఒక అతి నాసిరకం జోకుకు నవ్వింది కూడా. ఇంకేం, వచ్చే ఆదివారమే కూడిక అని అవ్వ ప్రకటించింది. ఇంకొక వారం ఆగుదామని బాపు అన్నాడు గానీ, దేవుడు ఆగలేదు గదా అని అవ్వ అనేసరికి ఆయన సంచి తీసుకుని బియ్యానికి పోయాడు. కార్డులు రాసే పని నాది. మంచిర్యాలకు, జగిత్యాలకు, ఇచ్చోడలో ఉన్న మా మేనమామకు, ఇంకా ఎవరెవరికో, 'దేవుని కృపవలన అక్కకు పూర్తిగా నయమైనది' అని గుండ్రటి అక్షరాలతో పదిహేను కార్డులు రాసి డబ్బాలో వేసి వచ్చాను. నా జీవితంలో ఎన్నో తప్పులు రాశాను గానీ ఒకే తప్పును పదిహేనుసార్లు రాయడం అదొక్కసారే.

మంగళవారం మధ్యాహ్నం. అవ్వ గుడికి పోయింది, అయ్యగారితో కూడిక సంగతి మాట్లాడటానికి. చిన్నమ్మ వాగుకు బట్టలు తీసుకుపోయింది. పక్కింటివాళ్ళు వాకిట్లో మక్కకంకులు, అంటే మొక్కజొన్న పొత్తులు, కాలుస్తున్నారు. ఆ వాసన మీకు తెలుసు. వానకు తడిసిన గాలిలో నిప్పుల మీద లేత మక్క కాలే వాసనకు ఏ మనిషీ నిలవడు, ఇరవై నాలుగు రోజులుగా గంజి తాగుతున్న మనిషి అసలే నిలవదు. అక్క నన్ను పిలిచి, "అరే, ఒక్క కంకి తేరా. ఒక్కటే. నీ కాల్మొక్కుత," అన్నది. పెద్దది, నాకు కాళ్ళు మొక్కుతానంటోంది. డాక్టరు అన్న మాట గుర్తుచేశాను. "డాక్టరు గంజి తాగుతుండా మూడువారాలు? తాగి చెప్పుమను," అన్నది. నేను నవ్వాను. నవ్వడమే నా పొరపాటు, నవ్వినవాడు ఓడిపోతాడు. పోయి ఒక కంకి అడిగి తెచ్చి, బొటనవేలితో గింజలు ఒలిచి ఆమె అరచేతిలో పోశాను. సగం కంకి తిన్నది. ఒక్కొక్క గింజనే నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఎంతసేపో నమిలింది. మిగిలిన సగం నేను తిన్నాను, సాక్ష్యం మిగలకుండా బెండును పక్కింటి బర్రెకు వేశాను.

బుధవారం సాయంత్రం అక్కకు కడుపులో నొప్పి మొదలైంది. గురువారం పొద్దున ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరుగారు కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, ఎవరి ముఖమూ చూడకుండా, ఏమన్నా తినపెట్టిండ్రా అని అడిగారు. లేదు, అన్నాం. నేను అన్నది నాకు గుర్తుంది. మిగిలినవాళ్ళు కూడా అన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్క పోయింది.

దాని గురించి రాయడానికి ఇన్నేళ్ళ తరువాత కూడా నా దగ్గర వాక్యాలు లేవు. ఒక్కటి మాత్రం చెబుతాను. నాకు ఏడుపు రాలేదు. నేను ఆమె చెప్పుల వైపు చూస్తూ, వీటిని ఇప్పుడు ఎవరు తీసుకురావాలి అని ఆలోచించాను. దవాఖాన మెట్ల దగ్గర అట్లా ఎంతసేపు ఆలోచించానో తెలియదు. ఎవరో వచ్చి నన్ను భుజం పట్టుకుని కదిలించేసరికి చెప్పులు నా చేతిలో ఉన్నాయి.

శుక్రవారం పొద్దున సమాధి చేశాం. వచ్చినవాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. సంఘ పెద్దలలో ఒకాయన మెల్లగా గొంతు సవరించుకుని, ఆదివారం అనుకున్నదాన్ని ఆదరణ కూడికగా మార్చుకుందామా అని అయ్యగారిని అడిగారు. అయ్యగారు అట్లాగే బాగుంటుందన్నారు. అది అడిగే మాట కూడా కాదు, అయినా మర్యాదకు అడిగారు. లోపల గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ, పొద్దటినుంచి నోరు విప్పని అవ్వ, అక్కడినుంచే, "మార్చుడు లేదు. కృతజ్ఞత కూడికనే," అన్నది.

ఎవరికీ అర్థం కాలేదు. దుఃఖంలో మతి చలించిందని మా పెద్దవ్వ గుసగుసగా అన్నది, ఆ గుసగుస రోడ్డుదాకా వినిపించింది. అయ్యగారు లోపలికి పోయి, అమ్మా, దేనికి కృతజ్ఞత చెల్లిస్తామమ్మా అని మృదువుగా అడిగారు. అవ్వ, "మాటిచ్చిన అయ్యగారూ. పిలిచిన. రాకుండ్రి అని ఇప్పుడు ఎవ్వలికి చెప్తరు?" అన్నది. ఆ సమాధానంలో సగం నిజంగానే ఇబ్బంది. పదిహేను కార్డులు పోయి ఉన్నాయి, ఫోన్లు లేవు. అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉన్న బాపు లోపలికి చూసి, "స్తోత్రం దేనికే? ఏం చేసిండని? నా బిడ్డను మట్టిల పెట్టొచ్చిన నేను," అన్నాడు. బర్రె ఈనలేక అరుస్తున్నా గొంతు పెంచని మనిషి అరిచిన అరుపు అది. బాపు చెప్పులేసుకుని పోయి పశువుల కొట్టంలో కూర్చున్నాడు. ఆదివారం దాకా ఆయన అక్కడే ఉన్నాడనవచ్చు.

ఆదివారం గుడి వదిలాక వాకిట్లో చాపలు పరిచారు. ఊరివాళ్ళకు సంగతి తెలుసు గనుక వాళ్ళు తలలు వంచుకుని వచ్చారు. నేను భయపడింది తెలియనివాళ్ళ గురించి. నా భయాన్ని దేవుడు వమ్ము చేయలేదు. పదకొండు గంటలకు ఇచ్చోడ నుంచి మా మేనమామ దిగాడు. నిర్మల్‌లో ఒక బస్సు మారి, ఖానాపూర్ మీదుగా ఇంకొకటి పట్టుకుని, తెల్లబట్టలు వేసుకుని, మెడలో ఎర్రటి తువ్వాలతో, చంకలో కాళ్ళు కట్టిన పెద్ద కోడిపుంజుతో వచ్చాడు. ఆయన మా అవ్వకు తమ్ముడు. మాటల్లో సగం మరాఠీ, మిగిలిన సగం నవ్వు. వీధి మలుపు నుంచే మొదలుపెట్టాడు. "ఏది నా కోడలు? మామ వచ్చిండని చెప్పుండ్రి! ఈ పుంజును నేను కొయ్య, ఆమెనే కొయ్యాలె. ఎంత బలమొచ్చిందో చూడాలె నాకు!" అని కేకలు వేస్తూ వాకిట్లోకి వచ్చాడు. చాపల మీద యాభై మంది ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయన నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, తీసేయడం మరచిపోయినట్టు. ఒకరి తరువాత ఒకరి ముఖం వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగి, "కాయ్ ఝాలా?" అన్నాడు, ఏమైంది అని. చెప్పవలసినవాణ్ణి నేనే, కార్డు రాసినవాణ్ణి కూడా నేనే. చిన్నమ్మ వచ్చి ఆయన చెవిలో చెప్పింది. కోడి చంకలోనుంచి జారి కింద పడింది.

పాట పాడారు. కృతజ్ఞత పాటే. గొంతులు మొదటి చరణంలో లేచి, రెండో చరణంలో ఒక్కొక్కటే మానుకుంటూ పోయి, చివరికి అయ్యగారు ఒక్కరే పాట ముగించారు. ప్రార్థన అయింది. ఆ తరువాత వచ్చేది సాక్ష్యం. అలవాటు ఎంత గట్టిదంటే, అయ్యగారు ఆ మాట నోటివెంట అననే అన్నారు, మేలు పొందినవారు సాక్ష్యం చెప్పవలసినదని. అన్న వెంటనే ఆయన ముఖం తెల్లబోయింది. అందరూ అక్క కూర్చోవలసిన ఖాళీ చాప వైపు చూశారు. అప్పుడు అవ్వ లేచింది.

కొంగు నెత్తిమీద సరిచేసుకుంది. మనుషుల వైపు చూడలేదు, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ, పొరుగింటావిడతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ తడుముకోకుండా వస్తాయి.

"తండ్రీ, నా బిడ్డ మంచిగయితే అందర్ని పిలుత్తనన్న. పిలిచిన, వచ్చిండ్రు. నువ్వు నా మాట వినలే. నేనైతే నా మాట తప్పలే. ఇరవై రెండేండ్లు నా ఇంట్ల నవ్విపిచ్చినవు దాన్ని, గందుకు స్తోత్రం. నా బిడ్డ ఆకలితోని పోలే, అడిగింది తిని పోయింది, గందుకు స్తోత్రం. నీ దగ్గరికే వచ్చింది, ఇంకెక్కడికి పోలేదు, గందుకు స్తోత్రం. ఇగ మిగిలిందాని గురించి నీతోని నేను వేరే మాట్లాడుత."

అని, మావైపు తిరిగి, "బువ్వ తిని పోండ్రి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమేన్ అనాలో కూడదో తెలియక యాభై మంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. నా సంగతి వేరు. 'అడిగింది తిని పోయింది' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, మిగతా స్తోత్రాలు నాకు నీళ్ళలోనుంచి వినిపించినట్టు వినిపించాయి. అవ్వకు తెలుసు. ఎట్లా తెలుసో తెలియదు, పక్కింటివాళ్ళు చెప్పారో, గుడి నుంచి వస్తూ చూసిందో. తెలిసి, నన్ను పట్టుకుని కొట్టకుండా, నేను చేసిన దాన్నే తీసి దేవుని ముందు స్తోత్రాలలో కలిపింది. ఇంతకంటే నన్ను వీధిలోకి ఈడ్చి ఉంటే బాగుండేదని ఆ క్షణాన అనిపించింది. ఇంకెవరి వైపూ చూడలేక విస్తర్లు వేసే పనిలో పడ్డాను.

అందరూ తిన్నారు. ఒకరూ వద్దనలేదు. మేనమామ ఏడుస్తూనే తిన్నాడు. చివరి వరుస లేచాక బాపు పశువుల కొట్టం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక విస్తరి ముందు కూర్చున్నాడు. అవ్వ వడ్డించింది. ఆ కోడిపుంజును కొయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. అది మా ఇంట్లో రెండేళ్ళు బతికి, తెల్లవారకముందే కూసి అందరినీ వేధించి, ముసలితనంతో చచ్చిపోయింది. మా వాడకట్టులో సహజ మరణం పొందిన కోడి అదొక్కటే.

బాపు ఏడాది పాటు గుడికి రాలేదు. అవ్వ రమ్మనలేదు, అయ్యగారిని చెప్పనివ్వలేదు. మరుసటి ఈస్టర్ నాడు ఆయన తెల్లబట్టలు వేసుకుని వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. ఎందుకు మానాడో అందరికీ తెలుసు, ఎందుకు వచ్చాడో ఎవరికీ తెలియదు. నేను ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "మీ అవ్వ ఒక్కతే ఆయనతోని కొట్లాడుతాంది, సాయం పోయిన," అన్నాడు.

అది నిజం. మిగిలింది వేరే మాట్లాడుతానన్న మాట కూడా అవ్వ తప్పలేదు. ప్రతిరోజూ పొద్దున చాట ముందు కూర్చోకముందు గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ చాలాసేపు ఉండేది. బీడీల కార్ఖానాలో కట్టలు బాగాలేవని విసిరేసినప్పుడు అక్కడి మనిషితో వాదించే తీరు ఒకటి ఉండేది ఆమెకు, చూపుడు వేలు లేపి, తల ఒక పక్కకు వంచి. దేవునితోనూ అదే తీరు. చివర ఎప్పుడూ ఒకసారి తల ఊపేది, ఆ రోజుకు సరిపడా రాజీ కుదిరినట్టు. దైవకృప గురించి నేను తరువాత చాలా ప్రసంగాలు విన్నాను, కొన్నింటిలో మేలుకునే ఉన్నాను. అవి నాకు నేర్పనిది ఆ తల ఊపడం నేర్పింది. మంచివాడు కాదనుకున్నవాడితో ఎవరూ ప్రతిరోజూ పంచాయితీ పెట్టుకోరు. వింటాడని నమ్మకం లేకపోతే వేలు లేపరు.

నేనూ నా వంతు మాట్లాడాను. అవ్వకు తెలుసన్న నమ్మకంతో ఆమె ముందు ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తితే ఆ క్షమాపణ చెదిరిపోతుందేమోనని భయం. ఆమెతో మాట్లాడవలసినదంతా దేవునితోనే మాట్లాడుకున్నాను, ప్రతిరోజూ, ఒకే వాక్యం, నేనే పెట్టానని. కాలేజీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, నాకు తెలిసిన డాక్టరు ఒకాయనను, మా స్నేహితుడి చెల్లెలి సంగతి అని అబద్ధమాడి అడిగాను. ఆ జబ్బులో మూడో వారం దాటాక పేగు దానంతటదే చిల్లిపడేదనీ, తిన్నా తినకపోయినా అట్లా ఎందరో పోయేవారనీ ఆయన చెప్పారు. ఆ మాట నాకు పదేళ్ళు ఊరటనిచ్చింది. తరువాతి పదేళ్ళు అబద్ధమాడి తెచ్చుకున్న ఊరట ఎంతవరకు చెల్లుతుందన్న ఆలోచన పట్టుకుంది. అవ్వ నా పిల్లలను పెంచింది, బాపును సాగనంపింది, తానూ పోయి పదేళ్ళు దాటింది. పోయేముందు అక్క పేరే పలవరించింది, భయంతో కాదు, బస్సు దిగే మనిషిని పిలిచినట్టు పిలిచింది.

పోయిన నెల ఆ కూడిక అయ్యాక, షామియానా కింద కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తుంటే, ఆటో కోసం చూస్తూ చిన్నమ్మా నేనూ కూర్చున్నాం. ఇప్పుడైతే ఆ ఆదివారం జరిగేదే కాదని నాకనిపించింది. గురువారం మధ్యాహ్నమే గ్రూపులో ఒక మెసేజీ పోయేది, రెండు వందల మంది దండాలు పెట్టే బొమ్మలు పంపేవాళ్ళు, ఇచ్చోడలో మేనమామ కోడిని పట్టుకునేవాడే కాదు. ఎవరూ ఆ వాకిట్లో అట్లా రాయిలా నిలబడవలసి వచ్చేది కాదు. అది మంచిదే. కానీ అవ్వ లేచి నిలబడేదీ కాదు. ఇప్పటి కూడికలలో దేవుడు చేసిన మేళ్ళు వరుసగా వినిపిస్తాయి, ఆయనతో మిగిలిన లెక్క వేరే మాట్లాడుకుంటానని చెప్పేవాళ్ళు కనబడరు. అట్లా చెప్పగలిగినంత చనువు ఆయనతో ఎవరికీ ఉన్నట్టు లేదు, నాకూ లేదు.

ఎందుకు చెప్పానో తెలియదు, చిన్నమ్మకు మక్కకంకి సంగతి మొత్తం చెప్పాను. నలభై ఏళ్ళ తరువాత మొదటిసారి, ఒక మనిషికి. అవ్వకు తెలిసి కూడా నన్ను క్షమించిందనీ చెప్పాను. చిన్నమ్మ కుర్చీలో నావైపు తిరిగింది. తరువాత, "గది ఏనాడు? మంగళారమా?" అన్నది. మంగళవారమే అన్నాను.

"మీ అవ్వకు మక్కల సంగతి తెల్వది. బుధారం పొద్దున మీ అవ్వనే జొన్నరొట్టె వెట్టింది దానికి, సగం రొట్టె, కారంతోని. కాళ్ళు వట్టుకున్నదట బిడ్డ. నేను చూసిన. ఎవ్వలికి చెప్పనని నాతోని చేతుల చెయ్యి వేయిచ్చుకున్నది. నేనే సంపుకున్న, నేనే సంపుకున్న అని సచ్చేదాక ఏడ్సింది నా దగ్గర."

ఆ రోజు దవాఖానలో, ఏమన్నా తినపెట్టిండ్రా అని డాక్టరు అడిగినప్పుడు, నా పక్కన నిలబడి అవ్వ కూడా లేదన్నది. ఆ మాట అన్న గొంతు ఇన్నేళ్ళకు నాకు వినిపించింది. ప్రతి పొద్దునా గోడవైపు తిరిగి, వేలు లేపి, ఆమె వాదించింది దేవుని మీద అనుకున్నాను, అది తన మీద కూడానట. ఆమె గదికి ఇవతల మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, అదే నేరం చెప్పుకుంటూ నేను. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క తలుపు, దానికి గడియ కూడా లేదు. ఒక్కమాట చెప్పి ఉంటే.

ఆటో వచ్చి ఆగింది. చిన్నమ్మ నా భుజం పట్టుకుని లేచి, చీర దులుపుకుని, ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"ఒక్కింట్ల ఉండుకుంట ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోక, ఇద్దరు పోయి దేవునికే చెప్పిండ్రు. గాయినకు వేరే పనే లేదనుకున్నరార?"